పని ఊరు దాటిపోయింది

1956లో షికాగో నగరంలో కొంతమంది కాగితాల కట్టలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. తలుపు తట్టి వాళ్లు అడిగింది చాలా మామూలు ప్రశ్న. నిన్న మీ ఇంట్లో ఎవరెవరు ఎక్కడెక్కడికి వెళ్లారు? పనికా, బడికా, బజారుకా, చుట్టాలింటికా? కారులోనా, బస్సులోనా? చెప్పిందల్లా రాసుకుని పక్కింటి మెట్లెక్కారు.

ఈ సర్వే చేయించినవాళ్ల ధ్యాసంతా రోడ్ల మీద. ఎక్స్‌ప్రెస్‌వేలు ఎటునుంచి ఎటు వేస్తే బాగుంటుందో తేల్చాలి. ఆ పనికి పెద్ద డగ్లస్ కారోల్. కొన్నేళ్ల ముందే డెట్రాయిట్‌లో ఇలాంటి సర్వే నడిపి చేయి తిరిగినవాడు. పోగైన ప్రయాణాలు లక్షల్లో ఉన్నాయి. వాటిని పటం మీద చేత్తో గీయడం ఏ మనిషి వల్లా కాదు. అందుకని ఒక యంత్రం కట్టించారు, పేరు కార్టోగ్రాఫట్రాన్. ఒక్కో ప్రయాణం బయలుదేరిన చోటి నుంచి చేరిన చోటికి ఒక వెలుగు గీతలా తెర మీద మెరుస్తుంది. ఎదురుగా ఉన్న కెమెరా ఆ మెరుపులన్నింటినీ ఒకే ఫిల్ము మీద పట్టుకుంటుంది. కడిగి చూస్తే చీకట్లో వెలిగించిన కాకరపువ్వొత్తిలా నగరం కనిపిస్తుంది. మధ్యలో చిక్కటి తెలుపు, చుట్టూ రవ్వలు.

చూడముచ్చటైన ఫొటోయే. కానీ అందులో పనికి వెళ్లినవాడి గీతే ఉంటుంది. వెళ్లాలనుకుని వెళ్లలేకపోయినవాడికి గీత లేదు. ఆ లేని గీతలు ఎన్నో లెక్కకట్టవచ్చని ఎవరికైనా తోచడానికి మరో ఎనిమిదేళ్లు పట్టింది.

తోచినవాడి పేరు జాన్ కెయిన్. 1935లో ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్‌లో పుట్టి, బర్క్‌లీలో అర్థశాస్త్రంలో డాక్టరేట్ చేశాడు. అతని సిద్ధాంత వ్యాసం మనిషి పనిచోటుకూ ఇంటికీ ఉన్న సంబంధం గురించి. సరుకుగా దొరికింది డెట్రాయిట్ సర్వే. అప్పట్లో అర్థశాస్త్రజ్ఞులు చెప్పుకునే సూత్రం ఇది: ఊరి మధ్య అద్దె ఎక్కువ, దారి ఖర్చు తక్కువ, దూరం పోతే దారి ఖర్చు పెరిగి అద్దె తగ్గుతుంది, మనిషి ఈ రెండూ తూచి ఇల్లు చూసుకుంటాడు. మాదాపూర్‌లో ఉద్యోగం దొరికి మియాపూర్‌లో ఉందామా, ఇంకా అవతలికి పోదామా అని తల పట్టుకున్నవాళ్లకు ఈ కూడికలూ తీసివేతలూ కొత్త కావు.

సూత్రం చక్కగానే ఉంది. కాకపోతే మనిషి తనకు నచ్చిన చోట ఇల్లు తీసుకోగలడని ముందే ఒప్పేసుకుంటుంది. అమెరికా నగరాల్లో నల్లజాతివారికి ఆ వీలు లేదు. ఫలానా వీధిలో ఇళ్లు నల్లవారికి అమ్మరాదని దస్తావేజుల్లోనే రాసుకునేవారు. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయకూడదని 1948లో సుప్రీంకోర్టు చెప్పినా, బ్రోకర్లు ఇళ్లు చూపించలేదు, బ్యాంకులు అప్పులివ్వలేదు. మొండికేసి తెల్లవారి వీధిలో దిగినవాళ్ల కిటికీల మీద రాళ్లు పడ్డాయి. దక్షిణాది నుంచి లక్షలాదిగా వలస వచ్చినవాళ్లు నగరం నడిబొడ్డున కొన్ని పేటల్లోనే ఇరుక్కుపోయారు.

అదే కాలంలో పనులు కదిలాయి. అంతస్తుల మీద అంతస్తుల పాత ఫ్యాక్టరీలు మూసి, శివార్లలో చవక భూమి కొని, నేలబారుగా పరుచుకున్న షెడ్లు వేశారు. సరుకు రైలు వదిలి లారీ ఎక్కింది. దుకాణాలూ గిడ్డంగులూ దాని వెంటే పోయాయి. మన పల్లెల్లో వాడను ఊరి బయట పెట్టారు. అక్కడ వాడ నడి ఊళ్లోనే ఉండిపోయింది, పనే ఊరు దాటిపోయింది.

కెయిన్‌కు చిక్కుముడి కనిపించింది ఇక్కడే. నల్లజాతి యువకులకు పని దొరక్కపోవడానికి చదువు తక్కువనీ, యజమానుల వివక్ష అనీ అందరూ చెబుతున్నారు. రెండూ నిజాలే. అయితే ఇంటి చోటు కూడా వాళ్ల పనిని తినేస్తోందా? అది తేలాలంటే పని దొరకనివాళ్లను అడిగి లాభం లేదు. రాని ఉద్యోగం ఎక్కడుందో ఎవరు చెప్పగలరు?

అతను లెక్కను తిరగేశాడు. షికాగో, డెట్రాయిట్ సర్వేలు రెండూ ముందేసుకుని, మనుషులను వదిలి పనిచోట్లను పట్టుకున్నాడు. నగరాన్ని దాదాపు నూరు ప్రాంతాలుగా కోసి, ఒక్కో ప్రాంతానికి మూడు సంగతులు రాసుకున్నాడు. అక్కడ పనిచేసేవాళ్లలో నల్లజాతివారు ఎందరు? అక్కడ కాపురముండేవాళ్లలో ఎందరు? నల్లజాతి పేటల నుంచి అది ఎంత దూరం? రోడ్ల కోసం తలుపులు తట్టినవాళ్లు ఇంటి చిరునామా, పని చిరునామా, మనిషి జాతి ముందే రాసి పెట్టడం అతని అదృష్టం. ఎవరో వంతెన కోసం తెచ్చిన ఇటుకలతో ఇంకెవరో ఇల్లు కట్టినట్టు, ట్రాఫిక్ లెక్కలోంచి నిరుద్యోగం లెక్క పుట్టింది.

పేట నుంచి దూరమైన కొద్దీ పనివాళ్లలో నల్లజాతివారి వంతు పడిపోతూ వచ్చింది. నల్లజాతివారు నగరమంతటా సమంగా పరుచుకుని ఉండి ఉంటే ఎంతమందికి పని ఉండేదని వేసి చూస్తే, షికాగోలో 22,000 నుంచి 24,600 దాకా, డెట్రాయిట్‌లో 4,000 నుంచి 9,000 దాకా ఉద్యోగాలు పోయి ఉండవచ్చని వచ్చింది. కారణాలనూ ఊహించాడు. రానుపోను ఖర్చు ఒకటి. దూరాన ఖాళీ పడిన సంగతి చెవిన పడకపోవడం ఇంకొకటి. పేట పక్కనుండే యజమాని నల్లవారిని తీసుకోకపోతే ఆ వీధి ఊరుకోదు. శివారులో ఉన్న యజమాని తెల్ల ఖాతాదారులకు బెదిరి నల్లవారిని తీసుకోడు. అదీ మరొకటి.

1964లోనే కెయిన్ ఈ లెక్కను ఒక సభలో చదివాడు. పెద్దగా ఎవరి చెవికీ ఎక్కలేదు.

మరుసటి ఏడాది ఆగస్టు 11న లాస్ ఏంజెలిస్‌లోని వాట్స్ పేట దగ్గర ఒక నల్లజాతి యువకుడి కారును పోలీసులు ఆపారు. మాటా మాటా పెరిగింది. జనం చేరారు. ఆరు రోజుల పాటు పేట తగలబడింది, 34 మంది చనిపోయారు. ఎందుకిలా జరిగిందో కనుక్కోమని రాష్ట్ర ప్రభుత్వం ఒక సంఘం వేసింది. అధ్యక్షుడు జాన్ మెకోన్, సీఐఏకు అధిపతిగా పనిచేసి వచ్చినవాడు. డిసెంబరులో అచ్చయిన ఆ నివేదికలో పోలీసులు, బడులు, పనుల ముచ్చట్లతో పాటు ఎవరూ ఎదురుచూడని ఫిర్యాదొకటి ఉంది. బస్సులు! కారు లేనివాడు వాట్స్ నుంచి పని ఉన్న చోటుకు చేరడం గగనమనీ, చార్జీలు మోయలేనివనీ, అందువల్ల పని వెతుక్కోవడమూ దొరికింది నిలబెట్టుకోవడమూ కష్టమైపోతున్నాయనీ రాశారు. కెయిన్ లెక్కల్లో ఉన్నదే, పొగ వాసనతో, మామూలు మాటల్లో వచ్చింది.

దానితో ప్రభుత్వం బస్సులు వేసింది. వాట్స్ మీదుగా ఫ్యాక్టరీల వైపు కొత్త రూట్లు మొదలయ్యాయి. మిగతా నగరాలూ అదే బాట పట్టాయి. జనం ఎక్కలేదని కాదు, ఎక్కారు. కానీ ఆశించినన్ని ఉద్యోగాలు పుట్టలేదు. పైగా ఒక తమాషా. పని కుదిరి నాలుగు డబ్బులు చేతిలో ఆడగానే మనిషి పాత కారొకటి కొనుక్కుని బస్సు దిగిపోయేవాడు. అతనికది మంచిదే, రూటుకు మాత్రం చెడ్డ రోజు.

1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. అంతకు రెండేళ్ల ముందు ఆయన షికాగో వీధుల్లో నడిచింది ఈ ఇళ్ల గోడలు బద్దలు కొట్టడానికే. సరిగ్గా వారానికి, ఇళ్ల అమ్మకాల్లో అద్దెల్లో జాతి వివక్ష చెల్లదంటూ కొత్త చట్టం మీద సంతకం పడింది. మే నెలలో కెయిన్ వ్యాసం ఒక పేరున్న అర్థశాస్త్ర పత్రికలో వెలువడింది. తర్వాత దీనికి స్పేషియల్ మిస్‌మ్యాచ్ అనే పేరు స్థిరపడింది. మనిషి ఒకచోట, పని ఇంకోచోట, రెండిటికీ పొంతన కుదరకపోవడం అన్నమాట.

అచ్చుపడ్డాక రాళ్లు మొదలయ్యాయి, పండితుల రాళ్లు. 1971లో పాల్ ఆఫ్నర్, డేనియల్ సాక్స్ అనే ఇద్దరు కెయిన్ అంకెలనే తీసుకుని అతను సరళరేఖ గీసిన చోట ఒక వంపు గీశారు. ఫలితం తలకిందులైంది. నల్లజాతివారు ఒకేచోట కూడి ఉండటం వల్లే అక్కడి కొట్లలో వాళ్లకు పనులు దొరుకుతున్నాయనీ, చెదరగొడితే అవీ పోతాయనీ కూడా చెప్పే వీలు కనిపించింది. గీతను కొంచెం వంచితేనే మాట మారిపోయే లెక్కను ఎలా నమ్మడం?

అసలు దెబ్బ సొంతింట్లోనే తగిలింది. కెయిన్ హార్వర్డ్‌లో చదువు చెబుతున్నాడు. డేవిడ్ ఎల్వుడ్‌దీ ఆ విశ్వవిద్యాలయమే. 1986లో అతను మళ్లీ షికాగో పటమే తెరిచాడు. నగరం పడమటి వైపు నల్లజాతి పేటలకు ఫ్యాక్టరీలు దగ్గర, దక్షిణం వైపు పేటలకు దూరం. దూరమే కారణమైతే పడమటి కుర్రాళ్లకు పనులు ఎక్కువ దొరకాలి కదా? దొరకలేదు. రెండు వైపులా నిరుద్యోగం ఇంచుమించు ఒకటే. పక్కపక్క పేటల్లో ఉన్న తెల్ల కుర్రాడికీ నల్ల కుర్రాడికీ మధ్య మాత్రం బోలెడంత తేడా. అడ్డుపడుతున్నది చోటు కాదు, చర్మం రంగు అని తేల్చాడు. ఇరవై ఏళ్ల శ్రమ మీద ఇంత సూటిగా నీళ్లు పోసిన వ్యాసం అరుదు. నాకైతే ఎల్వుడ్ కూడా ఈ కథలో నాయకుడే అనిపిస్తుంది. ఆ దెబ్బే లేకపోతే తర్వాతి వాళ్లకు అంత తెలివి వచ్చేది కాదు.

చిక్కు ఎక్కడుందంటే, మనిషి ఉన్న చోటు అతని పనిని నిర్ణయించినట్టే, పని కూడా చోటును నిర్ణయిస్తుంది. మంచి జీతం కుదిరినవాడు శివారుకు మారతాడు, కుదరనివాడు మిగులుతాడు. శివారులో ఉండటం వల్ల పని దొరికిందా, పని దొరకడం వల్ల శివారుకు పోయాడా? విత్తు ముందా చెట్టు ముందా లాంటిది. అట్లాంటాలోని జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయం నుంచి కీత్ ఇహ్లాన్‌ఫెల్ట్, డేవిడ్ షోక్విస్ట్ దీనికొక సులువు కనిపెట్టారు. అమ్మానాన్నల దగ్గరే ఉండే పిల్లలను మాత్రమే చూద్దాం! ఇల్లు ఎక్కడన్నది ఆ కుర్రాడు తేల్చింది కాదు, నాన్న తేల్చింది. ఫిలడెల్ఫియా లెక్కలతో 1990లో అచ్చయిన వాళ్ల వ్యాసంలో దూరం మళ్లీ తలెత్తింది. పనులు దగ్గరున్న కుర్రాళ్లకు, తెల్లవారైనా నల్లవారైనా, పని దొరికే అవకాశం ఎక్కువగా కనిపించింది.

కెయిన్ కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. జెఫ్రీ జాక్స్ అనే సహచరుడితో కలిసి ఒకే ఒక్క కంపెనీ సిబ్బంది రికార్డులు సంపాదించాడు. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే.

1974లో ఆ కంపెనీ డెట్రాయిట్ నడిబొడ్డు నుంచి పక్కనున్న డియర్‌బార్న్‌కు మారింది. యజమాని అదే, పని అదే. మారింది చిరునామా ఒక్కటే. పరిశోధకుడు కోరి కట్టించుకున్నా ఇంత చక్కటి ప్రయోగం కుదరదు. అందులోనూ అది డియర్‌బార్న్! 1942 నుంచి అక్కడ మేయర్‌గా ఉన్న ఆర్విల్ హబ్బర్డ్ నల్లవారిని ఊళ్లోకి రానివ్వనని బాహాటంగా చెప్పుకునేవాడు. లక్ష జనాభా ఉన్న ఊళ్లో నల్లజాతివారు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే. ఆఫీసు అక్కడికి వెళ్లింది, నల్లజాతి ఉద్యోగికి మాత్రం ఆఫీసు వెనకాలే ఇల్లు మార్చుకునే వీలు లేదు.

దారి పెరిగిన తెల్ల ఉద్యోగులు ఇళ్లు మార్చుకుని అదే కొలువులో కొనసాగారు. మానేసినవాళ్లు వాళ్లలో మామూలుకంటే ఎక్కువేం లేరు. దారి పెరిగిన నల్ల ఉద్యోగుల్లోనూ కొందరు ఇల్లు మారారు. అయితే వాళ్లు మారగలిగినంత మేరకు మారినా సరిపోలేదు, మిగిలినవాళ్లలో కొందరు కొలువే వదిలేశారు. నల్లజాతి ఉద్యోగుల్లో నూటికి 11 మంది పైచిలుకు, ఇళ్ల కట్టడి వల్లే పని మానుకోవలసి వచ్చిందని జాక్స్, కెయిన్ 1996లో లెక్క తేల్చారు. షికాగో పటంలో కనపడని గీతలు ఇక్కడ పేరుపేరునా, చేరిన తేదీ మానేసిన తేదీతో సహా దొరికాయి.

పేటల్లో ఉన్నవాళ్లను తీసుకెళ్లి పనులున్న చోట పెడితే? ఈ ప్రశ్న పరిశోధకుల కంటే ముందు కోర్టు మెట్లెక్కింది. షికాగోలో ప్రభుత్వ ఇళ్లలో ఉండే నల్లజాతివారు, ఇళ్ల కేటాయింపులో వివక్ష ఉందంటూ 1966లో కేసు వేశారు. వాళ్లలో డొరొతీ గాట్రో ఒకరు. తీర్పు వినకుండానే ఆమె కన్నుమూశారు, ఆ కేసు వల్ల కుటుంబాలను వేరే చోట్లకు మార్చడానికి వచ్చిన పథకానికి ఆమె పేరే నిలిచింది. 1976లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన చెప్పిన తర్వాత 1998 దాకా దాదాపు 7,000 కుటుంబాలు పాత పేటలు దాటి వెళ్లాయి. శివారుకు చేరిన తల్లులకు, నగరంలోనే ఇంకోచోటికి మారినవాళ్లకంటే పనులు ఎక్కువగా దొరికాయని జేమ్స్ రోజెన్‌బామ్, సూసన్ పాప్‌కిన్ గమనించారు.

ఆ ఉత్సాహంతో 1994లో ప్రభుత్వం అసలైన ప్రయోగానికి దిగింది. ఐదు నగరాలు, 4,600 కుటుంబాలు, ఎవరు మారాలో తేల్చడానికి పక్కా లాటరీ. ఏళ్ల తరబడి వేచి చూశారు. తల్లుల ఆరోగ్యం బాగుపడింది, మనసు నెమ్మదించింది. కానీ పెద్దవాళ్ల ఉద్యోగాల్లో తేడా రాలేదు! చాలామంది మారింది తక్కువ పేదరికం ఉన్న పేటకే కానీ, పనులకు దగ్గరగా కాదు. చిన్నప్పుడే మారిన పిల్లలు పెద్దయ్యాక ఎక్కువ సంపాదిస్తున్నారని 2016లో అచ్చయిన వ్యాసంలో తేలింది, అది వేరే కథ. ఇంకోవైపు పేటల నుంచి శివారు పనులకు వ్యాన్లు నడిపిన పథకం, బ్రిడ్జెస్ టు వర్క్, అదీ చెప్పుకోదగ్గ ఫలితం చూపలేదు. దూరం నిజమైన శత్రువే, కానీ వ్యాను ఎక్కించగానే ఓడిపోయే శత్రువు కాదు.

కెయిన్ 2003లో కన్నుమూశాడు. అతని ప్రశ్నకు దొరికిన గట్టి జవాబుల్లో ఒకటి ఆ తర్వాత వచ్చింది. అమెరికా మహా సరస్సుల చుట్టూ ఉన్న 9 మహానగర ప్రాంతాల్లో 2000కూ 2005కూ మధ్య కంపెనీలు మూకుమ్మడిగా తీసేసిన చిన్న జీతాల ఉద్యోగుల రికార్డులు కొందరు పరిశోధకులు తీశారు. వీళ్లు తమ తప్పువల్ల పని పోగొట్టుకున్నవాళ్లు కాదు. ఇల్లు ఎప్పుడో చూసుకున్నది. కాబట్టి విత్తూ చెట్టూ తగవు చాలావరకు తీరినట్టే. దగ్గర్లో తమకు తగిన పనులు ఎక్కువున్నవాళ్లు త్వరగా కొత్త పని చూసుకున్నారు. దూరం ఎక్కువగా కుంగదీసింది నల్లజాతివారిని, ఆడవాళ్లను, వయసు మళ్లినవాళ్లను. ఎల్వుడ్ చెప్పిన రంగూ కెయిన్ చెప్పిన దూరమూ చివరికి ఒకే గడపలో కలుసుకున్నాయి.

కథ అప్పటికే సముద్రం దాటేసింది. ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో ఉద్యోగ ప్రకటనలు ఊరి మధ్యలో బోర్డుల మీద అంటిస్తారు. శివారు కుర్రాడు అవి చదవాలంటేనే మినీబస్సుకు డబ్బులు కావాలి. సైమన్ ఫ్రాంక్లిన్ అనే ఆర్థికవేత్త లాటరీ తీసి కొందరికి ఆ చార్జీ డబ్బు ఇచ్చి చూశాడు. తీసుకున్నవాళ్లు బోర్డుల దగ్గరికి ఎక్కువసార్లు వచ్చారు, స్థిరమైన పనులు వాళ్లకే ఎక్కువ దొరికాయి. అదే నగరంలో తర్వాత చేసిన ఇలాంటి మరో ప్రయోగంలో, నాలుగేళ్లయ్యాక చూస్తే చార్జీ డబ్బుల తేడా చెరిగిపోయింది.

మన దేశంలో ఈ లెక్క అహ్మదాబాద్‌లో తేలింది, అదీ తలకిందులుగా. 1987లో అక్కడ బస్తీల్లో ఉండే ఆడవాళ్లు 497 మంది ఇళ్ల లాటరీలో పేర్లు వేశారు. చాలామంది బీడీలు చుట్టేవాళ్లు. నిజామాబాద్, జగిత్యాల వైపు అరుగు మీద ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరించే అక్కలను చూసినవాళ్లకు ఆ పని చెప్పనక్కరలేదు. 110 మందికి ఇళ్లు తగిలాయి. పక్కా ఇళ్లే, కాకపోతే నగరానికి 12 కిలోమీటర్ల అవతల. 14 ఏళ్ల తర్వాత షారన్ బార్న్‌హార్ట్, ఎరికా ఫీల్డ్, రోహిణి పాండే వాళ్లను వెతికించారు. గెలిచినవాళ్లలో నూటికి 34 మంది అసలు ఆ ఇళ్లలో దిగనే లేదు. 32 మంది కొన్నాళ్లుండి వచ్చేశారు. ఓడినవాళ్లకూ గెలిచినవాళ్లకూ సంపాదనలో తేడా లేదు. అక్కడ కరువైంది పక్కనుండే చుట్టం. ఒంట్లో బాగోకపోతే వంద అప్పిచ్చే మనిషి పాత బస్తీలోనే ఉండిపోయింది.

అహ్మదాబాద్ వ్యాసం చదివిన రోజుల్లోనే మా ఇంట్లో పనిచేసే అక్కకు ఊరి చివర ఇల్లు వచ్చింది. గృహప్రవేశానికి మేమూ వెళ్లాం. లిఫ్టు, గచ్చు, వంటింట్లో గట్టు, అన్నీ బాగున్నాయి. ఇక రాదేమో అనుకున్నాం. సోమవారం ఏడింటికి ఎప్పటిలాగే గేటు చప్పుడైంది.

"ఇల్లు బంగారంలా ఉంది సార్. కానీ ఏడింటికి మీ గిన్నెల ముందు కూర్చోవాలంటే నాలుగున్నరకు లేవాలి, రెండు బస్సులు మారాలి. అక్కడ ఎవరింట్లో అడగను? అందరూ నాలాంటోళ్లే."

బస్తీలో గది ఖాళీ చేయలేదు. అద్దె కడుతూనే ఉంది. ఆదివారం ఆదివారం ఆ కొత్తింటికి వెళ్లి, తాళం తీసి, ఊడ్చి, దీపం పెట్టి చీకటి పడేలోగా వచ్చేస్తోంది.